నాన్నగారికి ఏ స్కాన్: సీటీ యాంజియోనా, న్యూక్లియరా, నేరుగా యాంజియోగ్రామా?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను, ఇదే సందేహం ఉన్న మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీ నాన్నగారికి 56 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. ఆరు నెలలుగా రెండో అంతస్తుకి మెట్లెక్కితే ఛాతీ మధ్యలో పట్టేసినట్టు అవుతోంది, నిలబడితే నాలుగైదు నిమిషాల్లో తగ్గిపోతోంది. ఇన్నాళ్లలో అది పెరగలేదు, తగ్గలేదు. ఈసీజీ, టూడీ ఎకో (గుండె అల్ట్రాసౌండ్) నార్మల్. టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) మాత్రం ‘బోర్డర్‌లైన్ పాజిటివ్’. ఒంగోలులో డాక్టరు గారు అడ్మిట్ అవ్వండి, నాళాల్లోకి గొట్టం పంపి చూసే యాంజియోగ్రామ్ చేసేద్దాం అన్నారు. గుంటూరులో ఇంకొకరు సీటీ యాంజియో (చేతి నరంలోకి డై, అంటే నాళాలు కనబడేలా చేసే మందు, ఎక్కించి తీసే సీటీ స్కాన్) చాలన్నారు. డాలస్‌లో ఉన్న మీ బావగారు న్యూక్లియర్ స్కానే (గుండె కండరానికి రక్తం చేరుతోందా చూసేది) కరెక్ట్ అంటున్నారు. వీటిలో ఏది చేయించాలి, అన్నిటికంటే పెద్ద స్కాన్ చేయించేస్తే పోలేదా అన్నది మీ ప్రశ్న.

నేను గుండె సీటీలు, ఎమ్మారైలు చూసి రిపోర్టులు రాసే రేడియాలజిస్టుని. ఇలాంటి ఫైలు పట్టుకుని వచ్చే కుటుంబాలతో రోజూ మాట్లాడతాను. కాబట్టి సూటిగా జవాబు ముందు చెప్పేస్తాను.

క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) బాగుండి, గుండె లయ సక్రమంగా ఉండి, నొప్పి శ్రమ పడినప్పుడే వస్తూ ఆగితే తగ్గుతున్నంత వరకూ, ముందు సీటీ కరొనరీ యాంజియోగ్రామ్, అంటే గుంటూరు డాక్టరు గారు చెప్పిన సీటీ యాంజియో, చేయించండి. అందులో మొదటి మెట్టుగా తీసే కాల్షియం స్కోరు (గుండె నాళాల గోడల్లో పేరుకున్న కాల్షియం లెక్క) చాలా ఎక్కువగా వస్తే మీ బావగారు చెప్పిన న్యూక్లియర్ స్కాన్ గానీ స్ట్రెస్ ఎకో (గుండెకు శ్రమ ఇచ్చి తీసే ఎకో) గానీ మేలు. నొప్పి రానురాను తక్కువ శ్రమకే వస్తున్నా, కూర్చున్నప్పుడో నిద్రలోనో వస్తున్నా ఒంగోలు డాక్టరు గారి మాటే రైటు, నేరుగా యాంజియోగ్రామ్‌కి వెళ్లాలి. అంటే ముగ్గురిలో ఎవరూ తప్పు చెప్పలేదు. ఒక్కొక్కరూ ఒక్కో పరిస్థితికి జవాబు చెప్పారు.

ఇంకో సంగతి ఇప్పుడే చెప్పాలి. నొప్పి పది పదిహేను నిమిషాలైనా తగ్గకపోయినా, చెమటలు పట్టినా, ఎడమ చేతికో దవడకో పాకినా ఇక స్కాన్ల గురించి ఆలోచించకండి. 108కి ఫోన్ చేసి, దగ్గర్లో ఈసీజీ ఉన్న ఆస్పత్రికి వెళ్లాలి. అక్కడ కావలసింది ఈసీజీ, గుండె కండరం దెబ్బతిందో లేదో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష. మన ఇళ్లల్లో ‘గ్యాస్ పట్టేసింది’ అని సోడా తాగి, పాంటాప్ వేసుకుని తెల్లారేదాకా ఆగేవాళ్లు ఎందరో. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి అసలు తెలియకుండా ఆయాసం, నీరసం రూపంలోనే రావచ్చు. మీ నాన్నగారి విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి.

ఇప్పుడు కారణాలు. ఈ పరీక్షల్లో ఏది గొప్పది అని అడిగితే సరైన సమాధానం దొరకదు, ఎందుకంటే అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబిస్తాయి. కాలువలో ఎక్కడ ఎంత పూడిక చేరిందో చూడటం ఒక పని. ఆ పూడిక వల్ల చివరి ఎకరానికి నీళ్లు అందుతున్నాయా లేదా అని చూడటం ఇంకో పని. సీటీ యాంజియో, మామూలు యాంజియోగ్రామ్ మొదటి రకం, రక్తనాళాన్ని చూపిస్తాయి. టీఎంటీ, స్ట్రెస్ ఎకో, న్యూక్లియర్, స్ట్రెస్ ఎమ్మారై రెండో రకం, శ్రమలో గుండె కండరానికి రక్తం చాలుతోందా లేదా చెబుతాయి. సగం పూడిక ఉన్నా కండరానికి ఏ లోటూ లేకపోవచ్చు. అలాగే న్యూక్లియర్ స్కాన్ పూర్తిగా నార్మల్ వచ్చినవాళ్ల నాళాల్లో కొవ్వు పేరుకుని ఉండొచ్చు. రెండూ నిజాలే.

ఇది ఎందుకు ముఖ్యమంటే, చాలా హార్ట్ ఎటాక్‌లు అప్పటిదాకా నాళాన్ని పెద్దగా మూయని పూడిక పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టడం వల్ల వస్తాయి. ఆ పూడిక రకం రెండో తరహా పరీక్షల్లో కనబడదు, సీటీలో కనబడుతుంది. సీటీ వైపు నేను మొగ్గడానికి మొదటి కారణం ఇదే.

ఈసీజీ, టూడీ ఎకో నార్మల్ అంటే బ్లాకులు లేవని కాదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. విశ్రాంతిగా పడుకున్నప్పుడు తీసే ఈసీజీ, ఎకోల్లో పాత హార్ట్ ఎటాక్ గుర్తులు, కండరం పంపింగ్ బలం, వాల్వులు తెలుస్తాయి. 80 శాతం పూడిక ఉన్న నాళమైనా పడుకున్నంతసేపూ గుండెకు సరిపడా రక్తం ఇవ్వగలదు. అందుకే ఎకో నార్మల్‌గానే వస్తుంది. ‘మొన్ననే ఎకో తీయించాం, బానే ఉందన్నారు’ అనుకుని మెట్లెక్కేటప్పటి నొప్పిని వదిలేయకూడదు.

టీఎంటీ సంగతి. చవక, ఊరూరా ఉంది, రేడియేషన్ లేదు. కానీ బ్లాకులు ఉన్నవాళ్లలో మూడోవంతు మందినో అంతకంటే ఎక్కువ మందినో అది పట్టుకోలేదు. ఆడవాళ్లలో ఏమీ లేకుండానే పాజిటివ్ రావడం కూడా ఎక్కువ. మీ నాన్నగారి రిపోర్టు తీసి రెండు విషయాలు చూడండి. ఒకటి, ఎన్ని నిమిషాలు నడిచారు. బ్రూస్ ప్రోటోకాల్ అని రాసి ఉంటుంది, అందులో ప్రతి మూడు నిమిషాలకూ బెల్టు వేగం, వాలు పెరుగుతాయి. రెండోది, గుండె వేగం ఎంతదాకా వెళ్లింది. 220లోంచి వయసు తీసేస్తే 164, అందులో 85 శాతం అంటే సుమారు 139. మోకాళ్ల నొప్పితో నాలుగు నిమిషాలకే దిగిపోయినా, బీపీ కోసం మెటోప్రొలాల్ లాంటి మాత్ర వేసుకుని నడిచినా గుండె వేగం అక్కడిదాకా వెళ్లదు. అప్పుడు ఆ పరీక్ష నార్మల్ అనీ కాదు, అబ్‌నార్మల్ అనీ కాదు, పూర్తికాలేదని అర్థం. బోర్డర్‌లైన్ అని వచ్చినదాన్ని తేల్చుకోవడానికి మళ్లీ టీఎంటీ చేయించడం వృథా. ఇంకో రకం పరీక్షకు వెళ్లాలి.

సీటీ కరొనరీ యాంజియోగ్రామ్ గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మీరు చేయించబోయేది బహుశా అదే.

గుండె నిరంతరం కదిలే అవయవం. కదిలేదాన్ని ఫొటో తీస్తే మసకగా వస్తుంది. కాబట్టి గుండె వేగం నిమిషానికి 60 దగ్గరకు తీసుకురావడం ఈ స్కాన్‌లో సగం పని. టెన్షన్‌తో వచ్చినవాళ్లకు నాడి 85, 90 ఉంటుంది. మెటోప్రొలాల్ మాత్ర ఇచ్చి గంటసేపు కూర్చోబెడతాం. ఆస్తమా ఉన్నవాళ్లకు ఆ మాత్ర పడదు, వేరే మందు వాడాలి, కాబట్టి ముందే చెప్పాలి. పొద్దున్నే కాఫీ తాగి రాకూడదు, నాడి తగ్గనివ్వదు. తర్వాత కుడి మోచేతి దగ్గర కాస్త లావుపాటి సూది పెడతాం. నాళాలు విచ్చుకోవడానికి నాలుక కింద నైట్రోగ్లిజరిన్ స్ప్రే కొడతాం. సిల్డెనాఫిల్, టడలాఫిల్ లాంటి మాత్రలు గత రెండు రోజుల్లో వేసుకుని ఉంటే తప్పకుండా చెప్పాలి, ఆ రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. కొడుకు పక్కన నిలబడి ఉంటే తండ్రి ఈ మాట చెప్పడు. కాబట్టి ఆ ప్రశ్న అడిగేటప్పుడు మీరు కాసేపు బయటికి వెళ్లండి.

ముందు డై లేకుండా కాల్షియం స్కోరు తీస్తాం. ఆ తర్వాత డై ఎక్కిస్తారు. ఒళ్లంతా వేడిగా పాకి, మూత్రం పోయినట్టు అనిపిస్తుంది. నిజంగా పోదు, కంగారు పడి కదలకుండా ఉంటే చాలు. ఊపిరి బిగబట్టాల్సింది పది సెకన్ల లోపే. అసలు స్కాన్ పూర్తయ్యేది కొన్ని సెకన్లలోనే. మిగతా సమయమంతా సన్నాహానికే పోతుంది. ఆ సన్నాహం తొందర తొందరగా చేసే సెంటర్లో ఎంత కొత్త మెషిన్ ఉన్నా ఫలితం బాగుండదు. గుండె వేగం తగ్గించకుండా తీసిన స్కాన్లు రెండో అభిప్రాయం కోసం నా దగ్గరకు వస్తుంటాయి. కుడి నాళం మధ్యలో రెండుగా విరిగినట్టు కనిపిస్తుంది. అది జబ్బు కాదు, కదలిక. కానీ అక్కడ పూడిక ఉందో లేదో చెప్పలేని స్థితి.

ఈ స్కాన్ బలం ఎక్కడంటే, ‘బ్లాకులు లేవు’ అని చెబితే ఆ మాటను దాదాపు పూర్తిగా నమ్మొచ్చు. బలహీనత ఎక్కడంటే, కాల్షియం గట్టిగా పేరుకున్న చోట తెల్లటి మెరుపు అసలు సైజు కంటే పెద్దగా కనిపించి, ఉన్న పూడికను ఎక్కువ చేసి చూపిస్తుంది. షుగర్ ఎక్కువ ఏళ్లుగా ఉన్నవాళ్లలో, డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో ఈ ఇబ్బంది తరచుగా వస్తుంది. మూడు మిల్లీమీటర్ల కంటే చిన్న స్టెంట్ల లోపల ఏముందో చెప్పడం కూడా కష్టం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ లాంటి లయ తప్పిన గుండెలో పాత మెషిన్లు తడబడతాయి.

కాల్షియం స్కోరుకి అగాట్‌స్టన్ స్కోరు అని పేరు. అమెరికా డాక్టరు ఆర్థర్ అగాట్‌స్టన్ బృందం 1990లో దీన్ని వివరించింది. సున్నా అంటే కాల్షియం లేదు, 1 నుంచి 99 స్వల్పం, 100 నుంచి 399 మధ్యస్థం, 400 దాటితే ఎక్కువ. హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో దీన్ని విడిగా అమ్ముతున్నారు. నొప్పి లేని నడివయసువాళ్లలో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెట్టాలా వద్దా తేల్చుకోవడానికి అది పనికొస్తుంది. నొప్పి ఉన్నవాళ్లలో మాత్రం ఒంటరిగా దాన్ని నమ్ముకోకూడదు. 38 ఏళ్ల ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సిగరెట్ అలవాటు ఉంది, స్కోరు సున్నా అని సంతోషంగా ఉన్నాడు. డై వేసి చూస్తే ముందువైపు ప్రధాన నాళం ఎల్ఏడీ మొదట్లోనే మెత్తటి కొవ్వు పూడిక, 70 శాతం పైనే. మనవాళ్లలో గుండె జబ్బు పాశ్చాత్యుల కంటే చిన్న వయసులోనే మొదలవుతుంది. ఆ వయసులో పూడిక ఇంకా కాల్షియంగా గట్టిపడి ఉండదు. ఇంకో మాట, స్టాటిన్ వాడుతున్నవాళ్లు ఏటా ఈ స్కోరు తీయించుకుని పెరిగిందని బెంగపడుతుంటారు. మందు పనిచేసి పూడిక గట్టిపడే కొద్దీ స్కోరు పెరగొచ్చు. కాబట్టి ఏటా తీయించే పని కాదిది.

సీటీని ముందు పెట్టాలనడానికి పెద్ద అధ్యయనాల ఆధారం ఉంది. స్కాట్లాండ్‌లో 4,146 మంది మీద జరిగిన స్కాట్-హార్ట్ ట్రయల్‌లో, మామూలు వైద్యానికి సీటీ జోడించినవాళ్లలో ఐదేళ్లలో గుండె జబ్బు మరణం లేదా హార్ట్ ఎటాక్ 2.3 శాతం, సీటీ లేనివాళ్లలో 3.9 శాతం. ఐదేళ్ల ఫలితాలు 2018లో వచ్చాయి. ఆశ్చర్యం ఏమిటంటే, రెండు వర్గాల్లోనూ స్టెంట్లు, బైపాస్‌లు ఇంచుమించు సమానంగానే జరిగాయి. తేడా ఎక్కువగా మందుల వల్ల వచ్చింది. పూడిక కళ్లెదుట కనిపించినప్పుడు డాక్టర్లు ఆస్పిరిన్, స్టాటిన్ రాశారు, రోగులు వేసుకున్నారు. యూరప్‌లో 26 కేంద్రాల్లో జరిగిన డిశ్చార్జ్ ట్రయల్, 2022లో, సీటీని నేరుగా యాంజియోగ్రామ్‌తో పోల్చింది. తర్వాతి ఏళ్లలో గుండె సమస్యలు రెండింట్లోనూ గణనీయమైన తేడా లేకుండా ఉన్నాయి. పరీక్షలు, చికిత్సల వల్ల వచ్చిన పెద్ద చిక్కులు మాత్రం సీటీ వర్గంలో 0.5 శాతం, యాంజియో వర్గంలో 1.9 శాతం.

మరి మీ బావగారు? ఉత్తర అమెరికాలో 10,003 మందితో చేసిన ప్రామిస్ ట్రయల్ 2015లో సీటీని, టీఎంటీ, స్ట్రెస్ ఎకో, న్యూక్లియర్ లాంటి పరీక్షలతో పోల్చింది. రెండేళ్ల ఫలితాల్లో తేడా రాలేదు. అక్కడ న్యూక్లియర్ స్కాన్ ఎప్పటినుంచో విరివిగా వాడుకలో ఉంది, డాక్టర్లకు చేయి తిరిగింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016 నుంచి ఇలాంటి నొప్పికి సీటీనే మొదటి పరీక్షగా సూచిస్తోంది. ఒకే జబ్బుకి రెండు దేశాల్లో రెండు అలవాట్లు. బావగారితో వాదన పెట్టుకోవాల్సిన పనిలేదు, ఆయన చెప్పింది అక్కడ రోజూ జరిగేదే.

న్యూక్లియర్ స్కాన్ అంటే మన దగ్గర ఇప్పటికీ ‘థాలియం స్కాన్’ అంటారు, వాడేది ఎక్కువగా టెక్నీషియం అయినా. శ్రమలో ఒకసారి, విశ్రాంతిలో ఒకసారి కండరంలోకి మందు ఎలా చేరిందో ఫొటోలు తీస్తారు. శ్రమలో మాత్రమే చేరకపోతే రక్తం చాలడం లేదని, రెండుసార్లూ చేరకపోతే ఎక్కువగా పాత హార్ట్ ఎటాక్ మచ్చ అని అర్థం. దాదాపు సగం రోజు పడుతుంది. నడవలేనివాళ్లకు అడినోసిన్ లాంటి ఇంజెక్షన్‌తో చేస్తారు. ఆ ఇంజెక్షన్‌కి ముందు రోజు నుంచే టీ, కాఫీ, కోలా, చాక్లెట్ మానేయాలి. టీ తాగి వచ్చేస్తే ఫలితం తప్పు వస్తుంది. ఈ స్కాన్‌కి చిక్కని పరిస్థితి ఒకటి ఉంది. మూడు నాళాల్లోనూ సమానంగా పూడిక ఉంటే కండరమంతా ఒకేలా తక్కువగా మందు తీసుకుంటుంది, పోల్చడానికి బాగున్న భాగం మిగలదు, నార్మల్ అని రావచ్చు. షుగర్ రోగుల్లో మూడు నాళాల జబ్బు ఎక్కువ కాబట్టి నాకు ఈ భయం ఎప్పుడూ ఉంటుంది.

ఎక్కడ ఈ స్కాన్ నిజంగా ఆదుకుంటుందో చెబుతాను. రిటైరైన ఒక ఆర్టీసీ డ్రైవర్ గారు సీటీకి వచ్చారు. కాల్షియం స్కోరు వెయ్యి దాటింది. అక్కడే ఆపేశాం, డై వేయలేదు, ఎందుకంటే ఆ కాల్షియంలో లోపలి దారి కనిపించదని తెలుసు. న్యూక్లియర్ స్కాన్‌కి పంపితే గుండె వెనకవైపు చిన్న భాగంలో మాత్రమే రక్తం తక్కువ. పంపింగ్ బాగుంది. ఆయన కార్డియాలజిస్టు మందులతోనే నొప్పి అదుపు చేశారు. అంత కాల్షియం చూసి భయపడి నేరుగా క్యాత్ ల్యాబ్‌కి (యాంజియోగ్రామ్, స్టెంట్ చేసే గదికి) వెళ్లి ఉంటే అనవసరపు స్టెంట్లు పడే అవకాశం చాలా ఉండేది.

స్ట్రెస్ ఎకోకి రేడియేషన్ లేదు, డై లేదు, ఖర్చూ తక్కువ. నడిపించో, డొబుటమిన్ ఇంజెక్షన్‌తో గుండె వేగం పెంచో, కండరంలో ఏ గోడ సరిగ్గా ముడుచుకోవడం లేదో చూస్తారు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు ఇది చాలా మంచి దారి. చిక్కల్లా, చేసే మనిషి మీద అంతా ఆధారపడి ఉంటుంది. వారానికి ఒకటి చేసే చోట కాకుండా రోజూ చేసేవాళ్ల దగ్గరే చేయించండి. బాగా లావుగా ఉన్నవాళ్లలో, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లలో బొమ్మ సరిగ్గా రాదు.

స్ట్రెస్ ఎమ్మారై నేను ఇష్టంగా చేసే పరీక్ష. రేడియేషన్ లేదు, రక్తం తక్కువైన భాగమూ పాత మచ్చా రెండూ ఒకే పరీక్షలో స్పష్టంగా కనిపిస్తాయి. 2019లో 918 మందితో వచ్చిన ఎమ్ఆర్-ఇన్‌ఫార్మ్ ట్రయల్‌లో, ఎమ్మారై చూసి నిర్ణయం తీసుకున్నవాళ్లు, యాంజియో చేసి లోపల ప్రెషర్ కొలిచి నిర్ణయం తీసుకున్నవాళ్లకు తీసిపోలేదు. కానీ హైదరాబాద్ లాంటి పెద్ద నగరాల్లో కూడా కొద్ది చోట్లే బాగా చేస్తారు, ముప్పావు గంట పైగా సొరంగంలో పడుకోవాలి, పదేపదే ఊపిరి బిగబట్టాలి. పెట్ స్కాన్ గురించి ఒక్క ముక్క: మన దగ్గర పెట్ అంటే క్యాన్సర్ పరీక్షే అనుకుంటారు. గుండె రక్తప్రసరణను కొలవడంలో అది న్యూక్లియర్ కంటే మెరుగే. కానీ అందులో వాడే అమ్మోనియా మందు సగం శక్తి పది నిమిషాల్లోనే పోతుంది, తయారుచేసే యంత్రం పక్కనే ఉండాలి. అందుకే అరుదు.

ఇక నేరుగా యాంజియోగ్రామ్. మణికట్టులోంచో తొడలోంచో సన్నటి గొట్టం పంపి నాళంలోకే డై కొట్టి చూసేది. పూడికల బొమ్మ ఇంత స్పష్టంగా వేరేదేదీ చూపించదు. స్టెంట్ గానీ బైపాస్ గానీ చేయాలంటే ఇది తప్పదు. నొప్పి పెరుగుతున్నవాళ్లకు, పంపింగ్ తగ్గినవాళ్లకు, మందులు వేసినా నొప్పి ఆగనివాళ్లకు ఆలస్యం చేయకూడదు. అయితే ఇందులోనూ కనిపించేది నాళం లోపలి దారే. గోడలో పేరుకున్న కొవ్వు కనబడదు. శాతాలు కూడా కంటితో అంచనా వేసినవే. అందుకే 50, 70 మధ్య ఉన్నవాటికి ఎఫ్ఎఫ్ఆర్ అని ప్రెషర్ తీగతో కొలుస్తారు. విలువ 0.80 కంటే ఎక్కువ ఉంటే ఆ పూడికకు సాధారణంగా స్టెంట్ అక్కర్లేదు.

యాంజియోగ్రామ్‌కి వెళ్లేముందే అడగాల్సిన ప్రశ్న: ‘ఈరోజు పరీక్ష మాత్రమేనా, స్టెంట్ కూడా ఇప్పుడే వేస్తారా?’ మన ఆస్పత్రుల్లో తరచూ జరిగేది నాకు తెలుసు. మనిషి టేబుల్ మీద ఉంటాడు. అద్దం అవతలికి కొడుకునో భార్యనో పిలిచి, తెర మీద సన్నబడిన చోటు చూపించి ‘90 శాతం ఉంది, స్టెంట్ వేసేయమంటారా’ అని అడుగుతారు. ఆ నిమిషంలో వద్దనే ధైర్యం ఎవరికి ఉంటుంది? హార్ట్ ఎటాక్‌తో వచ్చినవాళ్లలో వెంటనే వేయడం ప్రాణం కాపాడుతుంది, అక్కడ ఆలోచించడానికి ఏమీ లేదు. కానీ మీ నాన్నగారిలా నిలకడగా ఉన్న నొప్పి వేరు. 37 దేశాల్లో 5,179 మందిని చేర్చుకున్న ఇస్కీమియా ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చాయి. మన దేశపు రోగులూ అందులో ఉన్నారు. నిలకడగా ఉన్న జబ్బులో ముందే యాంజియో చేసి స్టెంట్ లేదా బైపాస్ చేసినా, మంచి మందులతో మొదలుపెట్టినా, మరణాల్లో గానీ మొత్తం హార్ట్ ఎటాక్‌లలో గానీ గణనీయమైన తేడా రాలేదు. నొప్పి తగ్గడంలో మాత్రం స్టెంట్ వర్గానికి మేలు జరిగింది. అంటే స్టెంట్ వేయించుకోవడానికి నొప్పి ఒక న్యాయమైన కారణమే. కానీ ఆ నిర్ణయం కుర్చీలో కూర్చుని, ఇంట్లో మాట్లాడుకుని తీసుకునే వ్యవధి మీకు ఉంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది చిన్నది కాదు. లెఫ్ట్ మెయిన్ అనే ఎడమ మొదటి నాళంలో పెద్ద పూడిక ఉన్నవాళ్లను ఆ ట్రయల్‌లో చేర్చుకోలేదు. వాళ్లకు మందులొక్కటే చాలవు. ఆ ట్రయల్‌లో చాలామందికి ముందు సీటీ తీసింది కూడా లెఫ్ట్ మెయిన్ బాగుందో లేదో తెలుసుకోవడానికే. మీ నాన్నగారికి సీటీ చెప్పడానికి నాకున్న రెండో కారణం ఇదే. అది బాగుందని తెలిస్తే, మిగతా నిర్ణయాలు నిదానంగా తీసుకోవచ్చు.

రేడియేషన్ గురించి చాలామంది భయపడతారు కాబట్టి లెక్కలు చెబుతాను. ప్రకృతి నుంచే మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు అందుతాయి. కాల్షియం స్కోరు సుమారు 1. కొత్త మెషిన్ మీద సీటీ యాంజియో 2 నుంచి 5 వరకు, పాత 64 స్లైస్ (ఒక్క చుట్టులో 64 పొరల బొమ్మలు తీసే) మెషిన్ల మీద పాత పద్ధతిలో తీస్తే 10 దాటుతుంది. టెక్నీషియంతో న్యూక్లియర్ స్కాన్ 10 దగ్గర, అసలు థాలియం అయితే ఇంకా ఎక్కువ. ఎకో, ఎమ్మారైల్లో లేదు. 56 ఏళ్ల మనిషికి అవసరమైన ఒక స్కాన్ విషయంలో ఇది అడ్డం కాకూడదు. 35 ఏళ్ల అమ్మాయికైతే నేను తప్పకుండా లెక్క వేస్తాను.

‘అన్నీ చేయించేస్తే’ అన్నదానికి: వద్దు. ఒక్కో పరీక్షా కొన్ని తప్పుడు పాజిటివ్‌లు ఇస్తుంది. అన్నీ కలిపితే ఏదో ఒకటి పాజిటివ్ రాక తప్పదు, దాని వెంట పరుగు మొదలవుతుంది. 47 ఏళ్ల ఒక టీచరమ్మకి చెకప్ ప్యాకేజీలో టీఎంటీ పాజిటివ్ వచ్చింది, నొప్పి ఏనాడూ లేదు. మూడు వారాలు నిద్ర లేకుండా గడిపి సీటీకి వచ్చారు. నాళాలు శుభ్రంగా ఉన్నాయి. అదే నిజంగా నొప్పి ఉండి నాళాలు శుభ్రంగా ఉంటే మాత్రం ‘మీకేం లేదు, టెన్షన్ అంతే’ అని పంపేయకూడదు. సీటీకి కనబడని అతి సన్నటి నాళాల జబ్బు ఉండొచ్చు. ఆడవాళ్లలో ఎక్కువ. అక్కడ ఎమ్మారై, పెట్ పనికొస్తాయి.

మీరు చేయాల్సిన పనులు. ఈ వారంలో క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ (దాన్నుంచి లెక్కకట్టే కిడ్నీల వడపోత అంకె) చేయించండి. ఈజీఎఫ్ఆర్ 30 లోపు ఉంటే సీటీ ఆలోచన మానేసి స్ట్రెస్ ఎకో గురించి మాట్లాడండి. 30 పైన ఉన్నా తక్కువగా ఉంటే, డై ఇవ్వొచ్చా, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపాలా అన్నది డాక్టరే చెప్పాలి, మీ అంతట మీరు ఆపకండి. గతంలో డైకి దద్దుర్లు వచ్చి ఉంటే ముందే చెప్పండి. సెంటర్‌కి ఫోన్ చేసి మెషిన్ ఎన్ని స్లైస్‌లు, గుండె సీటీలు రోజూ తీస్తారా, ఎవరు చదువుతారు అని అడగండి. ఇలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఉంటే ఏ పరీక్ష, ఏ చికిత్స దాని కిందకు వస్తుందో నెట్‌వర్క్ ఆస్పత్రిలోని హెల్ప్ డెస్క్‌లో చెబుతారు. స్కాన్ తేదీ దొరికేలోగా ఆస్పిరిన్, స్టాటిన్, నొప్పి మందు మొదలుపెట్టాలా అని గుంటూరు డాక్టరు గారిని ఇవాళే అడగండి. ఇలాంటి నొప్పికి పరీక్ష అయ్యేదాకా మందుల్లేకుండా ఉంచడం నాకు నచ్చదు.

సీటీ రిపోర్టులో క్యాడ్-రాడ్స్ అని, నాళాల్లో పూడిక ఎంత ఉందో చెప్పే ఒక అంకె ఉంటుంది. 0 అంటే ఏమీ లేదు. 1, 2 అంటే 50 శాతం లోపు, మందులు, జీవనశైలి. 3 అంటే 50 నుంచి 69, ఇక్కడే న్యూక్లియర్ లేదా స్ట్రెస్ ఎకో అవసరం పడొచ్చు. 4ఏ అంటే ఒకటి రెండు నాళాల్లో 70 పైన. 4బీ అంటే లెఫ్ట్ మెయిన్ లేదా మూడు నాళాలు, వెంటనే కార్డియాలజిస్టు దగ్గరకు వెళ్లాలి. 5 అంటే పూర్తిగా మూసుకుపోయింది. రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా స్కాన్ మొత్తం ఉన్న సీడీ తీసుకోండి. రేపు ఇంకో డాక్టరు చూడాలంటే ఫిల్ముల మీద నాలుగు బొమ్మలు చాలవు.

ఈజీఎఫ్ఆర్ విలువ, టీఎంటీలో ఎన్ని నిమిషాలు నడిచారు, గుండె వేగం ఎంతదాకా వెళ్లింది, ఇప్పుడు వాడుతున్న మందుల పేర్లు ఇక్కడ రాయండి. పేరు, ఫోన్ నంబరు కనబడకుండా టీఎంటీ కాగితం ఫొటో పెట్టినా సరే. చూసి, సీటీ మాటే ఖాయం చేయాలా, స్ట్రెస్ ఎకోకి మార్చుకోవాలా చెబుతాను.